మా మామ అడిగిన ఆఖరి వాసన

మా మామ పోయిన కబురు నాకు నయాపూల్ మీద అందింది. ఆదివారం ఆరాధన ముగిశాక ఎప్పటిలాగే వంతెన మొదట్లో చెక్క పెట్టె ఎక్కి, రేకు బూర నోటికి పెట్టుకుని, తాగుడు మీద వాక్యం చెబుతున్నాను. పక్కనున్న కోర్టుకు సెలవు కాబట్టి నల్లకోట్లు లేవు. జామపండ్ల బండి వాళ్ళు, రిక్షావాళ్ళు, పనిలేక ఆగినవాళ్ళు ఓ ముప్పై మంది ఉంటారు. "సీసాలో ఉన్నది సైతాను ఉమ్మి" అంటున్నాను. అప్పుడు పీపాల మేస్త్రీ సైకిల్ దిగాడు. మా మామ పనిచేసిన కార్ఖానాలో చెక్క పీపాలు బాగుచేసే ముసలాయన ఈయన. స్టాండు వేయకుండా సైకిల్ పట్టుకునే నిలబడి తలెత్తాడు.

"భాయ్, జర ఉతరో," అని దిగమన్నాడు. "ముక్కు సాబ్ గుజర్ గయే. పొద్దుగాల పదింటికి."

"ఏందీ?" అన్నాను. బూర నోటి దగ్గరే ఉంది. ఆ మాట వంతెన ఆ చివరి దాకా వినబడింది. ఇది కూడా ప్రసంగంలో భాగమేననుకుని ఒక రిక్షావాడు నవ్వాడు.

ప్రియమైన సంఘస్థులారా, పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు నాలుగు మంచి మాటలు ఏరి రాస్తారు. నా చదువు ఆరో తరగతి. మిగతాదంతా పరిశుద్ధ గ్రంథం ముందు కూర్చుని నాకు నేను నేర్చుకున్నది. ఆ గ్రంథంలో పెద్దవాళ్ళ మంచీ రాశారు, చెడ్డా రాశారు. ఓడ దిగిన నీతిమంతుడు తాగి బట్టలూడి పడుకున్న సంగతి కూడా దాచలేదు. నేనూ దాచను. కాకపోతే ఈ రాతలో దాచాల్సిన చెడ్డ మా మామది కాదు. అది చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మా మామ, అంటే నా భార్య తండ్రి, పట్నం అవతల ఒక విస్కీ కార్ఖానాలో ముప్పై ఎనిమిదేండ్లు రుచి చూసే పని చేశాడు. అక్కడ అందరూ ఆయన్ని ముక్కు సాబ్ అనేవాళ్ళు. రోజూ పొద్దున వరసగా గ్లాసులు పెడితే వాసన చూసి, నాలుక మీద వేసుకుని, రంపపు పొట్టు పోసిన తట్టలో ఉమ్మి, ఏ పీపాది ఏ పీపాతో కలపాలో చెప్పేవాడు. ఒక్క గుక్క మింగలేదని ఆయన మాట. పెళ్ళయిన కొత్తలో నేను నమ్మలేదు. నమ్మినాక కూడా నా అసహ్యం తగ్గలేదు. తాను మింగకుండా ఊరికి మింగించే పని ఇంకా నీచమనిపించింది.

నా అసహ్యానికి వేరు ఉంది. మా నాయన తాగి తాగి మలక్‌పేటలో మురుగు మోరీ పక్కన పోయాడు. నాకప్పుడు పదమూడేండ్లు. ఆయన్ని కడిగింది నేనే. ఆ పులిసిన వాంతి వాసన, దాని వెనక గుడుంబా ఘాటు నా ముక్కులో నుంచి ఈనాటికీ పోలేదు. ఎవడైనా తాగి నా పక్కన బస్సులో కూర్చుంటే తర్వాతి స్టాపులో దిగి నడిచి పోతాను. ఇది భక్తి కాదు, కడుపులో తిప్పు. దాన్నే భక్తి అనుకుని చాలా ఏండ్లు బతికాను.

పిల్లను చూడడానికి దబీర్‌పురాలో వాళ్ళింటికి వెళ్ళిన రోజు మామ నన్ను కూర్చోమనలేదు. దగ్గరికి వచ్చి, కళ్ళు సగం మూసి, మేకను కొనేవాడిలా నా చుట్టూ ఓసారి తిరిగాడు.

"మిషన్ నూనె," అన్నాడు. నేను ఫ్యాక్టరీలో లేతు మీద పని చేస్తాను. "పాత పుస్తకం. పొద్దుగాల తిన్న జొన్నరొట్టె. ఇగ అబద్ధం వాసనైతే లేదు. పిల్లనిస్త."

"అబద్ధానికి వాసనుంటదా?" అని నవ్వాను.

"ఉంటది బిడ్డా. అబద్ధమాడెటోని చెమట మారుతది. నువ్వు ఆడినప్పుడు చెప్త, ఫికర్ జెయ్యకు."

ఆయన పని ఏమిటో మధ్యవర్తి చెప్పలేదు. "సర్కారు లైసెన్సున్న కార్ఖానా" అని ఊరుకున్నాడు. నేను అడగలేదు, మామ దాచలేదు. పెళ్ళయిన మూడో వారం తెలిసింది. ఆ రోజు నుంచి ఆయన మా ఇంటికి వస్తే వాకిట్లో బకెట్టు నీళ్ళు పెట్టించేవాణ్ణి. చేతులు కడుక్కోనిదే నా బిడ్డను ఎత్తుకోనిచ్చేవాణ్ణి కాదు. ఆయన చొక్కా మడతల్లో ఒక తియ్యటి, పుల్లటి చెక్క వాసన ఉండేది. అది తగిలితే నాకు వాకారం వచ్చేది. ఆయన మోచేతుల దాకా రుద్ది కడుక్కుని, చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "పోయింది, ఇగ తే బంగారాన్ని" అనేవాడు.

ఆయన అలవాట్లు సన్యాసి అలవాట్లు. పనిరోజుల్లో ఉల్లిగడ్డ ముట్టడు. పాన్ లేదు, బీడీ లేదు, తలకు నూనె లేదు. మా అత్త మల్లెపూలు పెట్టుకుంటే ఆ రోజు అరుగు మీద పడుకునేవాడు. బియ్యం కొనాలంటే గుప్పెడు తీసి నోటి ఆవిరి ఊది వాసన చూసి, "గిది పోయినేడు వానలకు తడిసింది" అని దుకాణదారు మొహం మీదే చెప్పేవాడు. పాలు పోసే ఆమె ఈయన్ని చూస్తే కుండ వెనక్కి పెట్టుకునేది.

ఒక్క శనివారం సాయంత్రం మాత్రం ఆ ముక్కుకు సెలవు. మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్లకు సంఘమంతా పంచుకునే ద్రాక్షరసం మా అత్త చేసేది. నల్ల ఎండుద్రాక్షలు ముందురోజు నానబోసి, శనివారం పెరట్లో పిడకల పొయ్యి మీద కళాయి గిన్నెలో ఉడికించి, తెల్లబట్టలో వడగట్టేది. ఆమె ఊదుగొట్టంతో ఊదుతూ, దగ్గుతూ, పొగను తిడుతూ ఉంటే మామ పెరటి గుమ్మంలో పీట వేసుకుని కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. ఏం చేస్తున్నవు మామా అంటే, "వారమంతా కంపెనీ కోసం పీల్చిన. గిది నా కోసం" అనేవాడు.

ఆ రసం ఆయన తాగకుండా చేసింది నేను.

మా చిన్న సంఘానికి అయ్యగారు నెలకు ఒక్కసారి వస్తారు. మిగతా వారాలు వాక్యం చెప్పేది నేనే. తొమ్మిదేండ్ల కిందట ఒక ఆదివారం, పొరుగువాడికి మత్తు పోసేవాడి మీదికి వచ్చే ఉగ్రత గురించి చెప్పాను. చెబుతూ చివరి బల్ల వైపు చూశాను. అందరూ నా చూపు వెంట తిరిగి చూశారు. అక్కడ ఉన్నది మా మామ, మా అత్త. "ఆ చేతులతోనే ఈ పాత్ర పట్టుకుంటారా?" అని అరిచాను. ఆ తర్వాతి నెల పాత్ర చివరి బల్లకు వచ్చినప్పుడు ఆయన తల వంచి దాన్ని పక్కవాడికి అందించాడు. ప్రతి నెలా అంతే. అత్త ఉడికించేది, ఊరంతా తాగేది, ఆయన అందించేవాడు. నాతో మాత్రం మాట మానలేదు. "నువ్వన్నది నిజమే బిడ్డా, నాది ఎంగిలి నోరు" అన్నాడు. ఆ మాట నాకు గెలుపనిపించింది.

మేము వాదించుకోని పండగ లేదు. ఓసారి ఆయన పీపాల సంగతి చెబుతూ, లోపలిది ఏటేటా ఆవిరై తగ్గుతుందని, దాన్ని తెల్లదొరల పుస్తకంలో దేవదూతల వాటా అని రాశారని అన్నాడు. నేను పళ్ళెం ముందు నుంచి లేచాను.

"దేవదూతలు తాగుబోతులా? గా మాట నోట్ల నుంచి ఎట్లొచ్చింది మామా?"

"నేను రాసిన్నా? దొరలు రాసిన్రు."

"పరలోకాన్ని కల్లు కాంపౌండు జేసిన్రు!"

"కూసో, కూసో. దొరల దేశంల చలి, ఆడ దేవదూతలు జరంతనే తాగుతరంట. మన పట్నం ఎండకు ఈళ్ళకు దూప ఎక్కువ. పీపాలు సగం ఖాళీ జేస్తున్నరు."

నా భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను తినకుండా వచ్చేశాను. ఇంటికి వచ్చాక ఆకలి వేసింది.

మా అత్త పోయింది ఏడేండ్ల కిందట. ఆ పెరటి పొయ్యి అప్పుడే ఆరింది. ద్రాక్షలు ఉడికించే పని నా భార్యకు వచ్చింది, ఆమె మా ఇంట్లో కిరోసిన్ స్టవ్వు మీద చేసేది. అదే ఏడు కార్ఖానాకు దొరల సీమ నుంచి పొగబెట్టిన బార్లీ కొన్ని బస్తాలు నమూనాగా వచ్చాయట. అక్కడ బురద నేలల్లో వేల ఏండ్లు కుళ్ళిన గడ్డిని కోసి, ఎండబెట్టి, మన పిడకల్లాగే కాల్చి, ఆ పొగలో బార్లీని ఆరబెడతారట. దాంతో తీసిన సరుకు వాసన చూసి కెమిస్టు సాబ్ ముక్కు మూసుకున్నాడు, పారబోయమన్నాడు. మామ అడ్డం పడ్డాడు. జీవితంలో ఒక్కసారి కంపెనీతో పేచీ పెట్టుకున్నాడు. ద్రాక్ష బ్రాండీ పోసి ఖాళీ చేసిన పాత పీపా ఒకటి ఏరి, మేస్త్రీతో బాగుచేయించి, ఆ పొగ సరుకు అందులో పోయించాడు. ఏడేండ్లు ఎవరూ ముట్టొద్దని, ఆ తర్వాత తానే చెబుతానని అన్నాడు.

"ముప్పై ఎనిమిదేండ్లు వేరేటోళ్ళు కట్టిన రుచికి కావలి గాసిన," అని నాకు ఓసారి చెప్పాడు. "నాది అనెటిది ఆ ఒక్క పీపనే."

నాకేం పట్టలేదు. నరకంలో ఒక పొయ్యి మీద తన పేరు రాయించుకున్నాడు అనుకున్నాను.

ఏడేండ్లు నిండేసరికి మామ ముక్కు పోయింది. గొంతులో పుండు లేచింది. ఆస్పత్రిలో ఇరవై ఐదు రోజులు మిషన్ కింద పడుకోబెట్టి కరెంటు పెట్టారు. పుండు కొంచెం ఎండింది గానీ వాసన, రుచి రెండూ పోయాయి. నోట్లో ఉమ్మి కూడా ఊరేది కాదు. మామిడికాయ ముక్క నాలుక మీద పెట్టుకుని, చెక్కపేడు పెట్టుకున్నట్టు కూర్చునేవాడు. ఆ స్థితిలో ఒక సాయంత్రం మమ్మల్ని పిలిపించాడు. నేను ఫ్యాక్టరీ నుంచి తిన్నగా దబీర్‌పురా వెళ్ళాను. మంచం పక్కన పీపాల మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. స్టూలు మీద మందుసీసా అంత సీసాలో తేనె రంగుది ఏదో ఉంది. పక్కన మొగ్గలాంటి చిన్న గ్లాసు, దాని మీద సాసరు మూత. కింద రంపపు పొట్టు తట్ట.

"అల్లుడా," అన్నాడు మామ. గొంతు గరగరమంటోంది. "రేపు కెమిస్టు సాబ్‌కు చెప్పాలె. అది ఇడిగ సీసాలకెక్కాల్నా, లేకుంటే మామూలు సరుకుల కలుపాల్నా. నాకు ముక్కు లేదు. నువ్వు జూసి చెప్పు."

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. "నేనా? మతి ఉన్నదా మామా? మేస్త్రీని అడుగు."

"తోబా తోబా!" అన్నాడు మేస్త్రీ రెండు చెంపలు ముట్టుకుని. "పీపాను కొట్టి చప్పుడు జూసి చెప్త గని, నాలుకకైతే అంటనియ్య భాయ్."

"కార్ఖానల మస్తుమంది ఉన్నరు గద."

"ఆళ్ళు నా మొఖం జూసి చెప్తరు, ముసలోడు సంబరపడాలె అని. కెమిస్టు సాబ్ తన మాట నెగ్గాలె అని చెప్తడు," అన్నాడు మామ. "నువ్వైతే నన్ను సంబరపెట్టవు. నీ నాలుక కొత్త పలక లెక్క, దాని మీద ఎవ్వడు ఏం రాయలే. పైనించి నువ్వు అబద్ధమాడవు. మింగకు, ఉమ్మెయ్. పాపమైతే నా మీదికి రానీ."

నా భార్య తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని నా వైపు చూస్తోంది. నేను పెరట్లోకి వెళ్ళి మోకరించాను. పుల్లటి రసంలో ముంచిన స్పంజిని సిలువ మీద నా ప్రభువు పెదవులకు అందించిన ఘడియ గుర్తు చేసుకున్నాను. లేచి వచ్చి, సరే అన్నాను. జాలితో అన్నానని మీరు అనుకోవద్దు. ఆయన జీవితమంతా ఎంత రోతో ఆయన మొహం మీదే, ఆయన అడిగితేనే, చెప్పే అవకాశం దేవుడిచ్చాడని అనుకున్నాను.

"ముక్కు గ్లాసుల వెట్టకు. గదువ కాడ పట్టు. నోరు జర తెరువు," అన్నాడు మామ.

గ్లాసు గడ్డం దగ్గర పట్టి సాసరు తీశాను. అది వచ్చి మొహం మీద కొట్టింది.

"ఫినాయిలు," అన్నాను.

ఆయన కళ్ళు వెలిగాయి. "శభాష్! ఇంకా?"

"ఆస్పత్రిల పుండుకు పూసే టింక్చరు."

"మస్తు చెప్పినవ్! ఇంకా చెప్పు."

"రైలింజను బొగ్గు. కాలిన కొబ్బరితాడు. వానకు తడిసిన గొంగడి."

"గొంగడి!" మామ మంచం పట్టె మీద కొట్టాడు. "ఇన్నవా మేస్త్రీ? కెమిస్టు సాబ్‌కు ఇన్నేండ్లల్ల ఒక్కనాడు గొంగడి దొరకలే!"

నేను తిట్లు రువ్వుతుంటే ఆయన పూలు ఏరుకుంటున్నాడు. నాకు ఇంకా మండింది. గాయం కావాలని అన్నాను, "మూసీ ఒడ్డున పీనుగు కాలుతున్న కంపు."

ఆయన మెల్లగా, "గదే బిడ్డా. గది ఆ మట్టి పిడక పొగ. సరిగ్గ చెప్పినవ్" అన్నాడు.

నోట్లో పోసుకున్నాను. నాలుక మీద నిప్పు. మూసీ వరదలో కొట్టుకొచ్చిన చితి కట్టెను నాకినట్టు. మా నాయన మొహం కళ్ళ ముందు నిలబడింది, ఆయన గడ్డం మీద ఎండిన వాంతితో సహా. మామ చేత్తో ఆగు, ఆగు అని సైగ చేస్తున్నాడు. తట్టలో ఉమ్మేశాను. మూడుసార్లు ఉమ్మాను. చెంబెడు నీళ్ళతో పుక్కిలించాను.

అప్పుడు వచ్చింది అది.

నేను పిలవలేదు. గొంతు వెనక నుంచి, పొగ అంతా పోయాక, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చే మనిషిలాగా మెల్లగా వచ్చింది. నానిన నల్ల ఎండుద్రాక్ష. ఉడికి, పగిలి, తెల్లబట్టలో నుంచి దిగిన రసం. నెల మొదటి ఆదివారం పాత్ర పెదవులకు తగిలినప్పటి తీపి. అదే. సందేహం లేదు. ఆ తీపి నా నాలుకకు ముప్పై ఏండ్లుగా తెలుసు.

సంఘస్థులారా, ఫినాయిలు కన్నా, పీనుగు కన్నా ఆ తీపి నన్ను ఎక్కువ రోత పెట్టింది. ప్రభువు బల్ల మీది రుచి ఈ సైతాను ఉమ్మిలోకి ఎట్లా దూరింది? నేను దాన్ని ఒప్పుకుంటే రేపు నయాపూల్ మీద ఏ నోటితో మాట్లాడాలి?

"ఆఖర్ల ఏమన్న వచ్చిందా?" మామ అడిగాడు.

"లేదు."

"ఉమ్మినంక, జర సేపటికి?"

"లేదు మామా."

ఆయన మోచేతి మీద లేచాడు. "తెలిసినది ఏదన్న? ఇంట్ల వాసన అసొంటిది?"

"పొగ. పొగ తప్ప ఏం లేదు."

మూడుసార్లు అడిగాడు, మూడుసార్లు కాదన్నాను. ఈ లెక్క ఎక్కడ విన్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ ప్రభువును ఎరుగనన్న శిష్యుడికి కోడి కూసింది. ఇక్కడ దబీర్‌పురా స్టేషన్‌లో రైలు కూసింది.

మామ నా వైపు ముందుకు వంగాడు. పాత అలవాటు కొద్దీ ఆయన ముక్కుపుటాలు కదిలాయి, పెళ్ళిచూపుల రోజు కదిలినట్టే. లోపలికి గాలి పీల్చాడు. నా వీపు మీద చెమట కారుతోంది. ఆయనకు ఏమీ అందలేదు. వెనక్కి వాలాడు.

"నువ్వు అబద్ధమాడవు," అన్నాడు. మేస్త్రీ వైపు తిరిగి, "కెమిస్టు సాబ్ గెల్చిండు. మామూలు సరుకుల కలిపెయ్యమని చెప్పు."

"ఏక్ బార్ ఔర్ సోచో సాబ్," ఇంకోసారి ఆలోచించమని బతిమాలాడు మేస్త్రీ.

"సోచ్ లియా." మామ నా వైపు తిరిగి అన్నాడు, "గా గ్లాసు కడుగకు బిడ్డా. రేపు పొద్దుగాల జూడు. నిండ ఉన్నప్పుడు అన్నీ కలిసి లొల్లి జేస్తయి. ఖాళీ అయినంక ఉన్నది ఉన్నట్టు చెప్తది. అది మా పనోళ్ళ రివాజు."

నేను గ్లాసు మీద సాసరు మూసి, ఎవరి కంటా పడకుండా అటక మీద పాత డబ్బాల వెనక్కి తోసేశాను. మర్నాడు ఆయన గుర్తుపెట్టుకుని అడిగాడు, ఖాళీ గ్లాసు చూసినవా అని. కడిగేసిన్రు మామా అన్నాను. అబద్ధం ఒక్కటే ఉండదు, పిల్లల్ని పెడుతుంది.

ఆ తర్వాత వారం రోజులు డ్యూటీ దిగి నేరుగా వెళ్ళేవాణ్ణి. ఆయన మంచం పక్కన గట్టిగా ప్రార్థన చేసేవాణ్ణి. నిజం నాలుక చివరి దాకా వచ్చేది, మింగేవాణ్ణి. ఆయన ఎన్నడూ మింగనివాడు. నేను రోజూ మింగాను. శనివారం నాకు గట్టిగా అనిపించింది, ఇక చెప్పాలని. ఆదివారం మొదట నయాపూల్ వెళ్ళి తాగుబోతులకు బుద్ధి చెప్పి, అక్కణ్ణించి దబీర్‌పురా పోయి మామకు చెబుదామనుకున్నాను. వరస అలా పెట్టుకున్నాను. మిగతాది మీకు తెలుసు. నేను పెట్టె ఎక్కేసరికే ఆయన లేడు.

సోమవారం సమాధి చేశాము. మేస్త్రీ వచ్చాడు, అందరితో పాటు గుప్పెడు మన్ను వేశాడు. బయటికి వచ్చాక అడిగాను, పీపా ఏమైందని.

"శనివారం కలిపిన్రు భాయ్," అన్నాడు. "పెద్ద ట్యాంకుల వోసిన్రు. అసలే దేవదూతలు సగం తాగిన్రు, మిగిలింది సగం. ఇగ పట్నంల ఎవడెవడో తాగుతడు, ఏం తాగుతుండో తెల్వకుంట." సైకిల్ గంటను ఊరికే ఒకసారి కొట్టి వెళ్ళిపోయాడు.

ఆ మరుసటి రోజు ఇల్లు సర్దుతూ నా భార్య అటక మీది డబ్బాలు దింపింది. నేను కింద నిలబడి అందుకుంటున్నాను. ఆమె చేయి ఆగింది. సాసరు తీసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. తండ్రి బిడ్డే కదా.

"ఏమయ్యా, గిండ్ల ప్రభువు బల్ల రసం ఎవలు వోసిన్రు?"

నేను డబ్బా కింద పెట్టాను. గ్లాసు అడుగున ఎండిన మరక తప్ప ఏమీ లేదు. ఆమె స్టూలు దిగి నా మొహం చూసింది. ఆమెకు తెలిసిపోయింది.

"గా రోజు నీకు వచ్చిందా గీ వాసన?"

"వచ్చింది."

"బాపుకు చెప్పినవా?"

"లేదన్న."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలికయ్యేది. "ఆదివారం నయాపూల్ల ఎవల్ని తిట్టినవ్?" అంది.

"తాగెటోళ్ళను."

"తాగెటోళ్ళు నయమయ్యా. ఆళ్ళకు ఇంత సక్కగ అబద్ధమాడరాదు, నోరు తిరగదు."

నేను తాగుడు మీద అన్న మాటల్లో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. అది రోత. మా నాయన మోరీ పక్కనే పోయాడు, ఎంత మంచి పీపా తెచ్చినా ఆయన్ని లేపలేదు. మామ చేసిన పని మంచిదని కూడా నేను రాయను. కానీ కళ్ళు కనబడని ముసలి తండ్రి ముందుకు మేకతోలు చుట్టుకుని వెళ్ళి, నేను ఫలానా అని చెప్పి దీవెన ఎత్తుకుపోయిన కొడుకు కథ మీరూ విన్నారు, నేనూ పది ప్రసంగాలు చేశాను. ఆ తండ్రికి వాసనైనా మిగిలింది. మా మామకు అదీ లేదు. ఆయనకు మిగిలింది నా నోరు ఒక్కటే. అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ పక్కన, సాక్ష్యం దేని గురించి అనేది రాసి లేదు. నా ప్రభువు మహిమకు అడ్డం వస్తుందని నిజాన్ని దాచాను. పెళ్ళి ఇంట్లో బానల నీళ్ళను ద్రాక్షరసం చేసిన ప్రభువుకు నా కాపలా అక్కర్లేదని అప్పుడు తోచలేదు. తొమ్మిదేండ్ల కిందట ఆయన్ని మీ అందరి ఎదుట వేలెత్తి చూపాను కాబట్టి, ఇది కూడా మీ అందరి ఎదుట రాస్తున్నాను. ఎంగిలి నోరు ఆయనది కాదు.

ఇంకొక్క సంగతి ఉంది. అది మొన్న శనివారం దాకా నాకు తెలియదు.

రేషన్‌లో కిరోసిన్ రాలేదు. నా భార్య దబీర్‌పురా ఇంట్లోనే ద్రాక్షలు నానబోసి, పెరట్లో వాళ్ళమ్మ పొయ్యి దులిపి, ఏడేండ్ల తర్వాత దాంట్లో పిడకలు అంటించింది. నేను డ్యూటీ దిగి వెళ్ళి, ఇంట్లో నుంచి పెరటి గుమ్మం దాటి అడుగు పెట్టాను. మొదట పొగ తగిలింది. మట్టి పొగ, దగ్గు తెప్పించే పొగ. దాని కింద నుంచి మెల్లగా ఉడుకుతున్న ద్రాక్ష.

నా కాళ్ళు ఆగిపోయాయి. పిడక పొగ, వెనకే ద్రాక్ష. అచ్చంగా ఆ గ్లాసు. ఆ బస్తాలు వచ్చిన ఏడాదే మా అత్త పోయింది, ఈ పొయ్యి ఆరింది. ఇంట్ల వాసన అసొంటిది ఏదన్న వచ్చిందా అని ఆయన మోచేతి మీద లేచి అడిగింది దీని కోసం.

"గాడనే నిలబడ్డవేంది?" నా భార్య ఊదుగొట్టం పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంది. నా వెనక్కి చూసింది.

నేనూ తిరిగి చూశాను. గుమ్మంలో మామ పీట ఎక్కడ ఉండేదో అక్కడే ఉంది. గాలి పెరట్లో నుంచి ఇంట్లోకి వీస్తోంది. పొగ గిన్నె మీదుగా లేచి గుమ్మం వైపే వస్తోంది. నేను అడ్డంగా నిలబడి ఉన్నాను.

పక్కకు జరిగాను.